టచ్ స్క్రీన్: పనిచేసే తీరు, వైకల్యం ఉన్నవారికి అందుబాటు

చూపించే పనీ, ఆదేశం తీసుకునే పనీ ఒకేచోట చేసే తెర టచ్ స్క్రీన్. బొమ్మ ఎక్కడ కనిపిస్తే అక్కడే వేలు పెట్టాలి, పరికరం స్పందిస్తుంది. సెల్‌ఫోన్, ట్యాబ్, బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ చేసే యంత్రం, రైల్వే స్టేషన్‌లో టికెట్ యంత్రం, ఆసుపత్రిలో టోకెన్ యంత్రం, కారు డ్యాష్‌బోర్డు, వాషింగ్ మెషీన్, ఇండక్షన్ పొయ్యి అన్నిటికీ ఇదే ముఖం. ఒకప్పుడు మీటలూ బటన్లూ ఉన్న చోట ఇప్పుడు నున్నటి గాజు పలక ఉంది.

బటన్ ఉన్నప్పుడు చెయ్యి రెండు పనులను విడివిడిగా చేస్తుంది. ముందు తడిమి వెతుకుతుంది, దొరికాక నొక్కుతుంది. వెతికేటప్పుడు వేలు బటన్ మీద ఆనినా ఏమీ కాదు, కాస్త బలం పెడితేనే పని జరుగుతుంది. గాజు మీద ఈ రెండూ కలిసిపోయాయి, అక్కడ తాకడమే నొక్కడం. వెతికే బాధ్యత మొత్తం కళ్ళ మీద పడింది. చూపు లేనివారికి, చెయ్యి వణికేవారికి, వేళ్ళు మాట విననివారికి టచ్ స్క్రీన్ తెచ్చిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే. గత పాతికేళ్ళలో పనికొచ్చిన పరిష్కారాలన్నిటినీ వరసగా చూస్తే, దాదాపు ప్రతి ఒక్కటీ వెతకడాన్నీ నొక్కడాన్నీ మళ్ళీ ఏదో ఒక రకంగా విడదీసినదే అని తెలుస్తుంది. ఈ వ్యాసంలో పనితీరునూ అందుబాటునూ కలిపి చెప్పడానికి కారణం అదే.

వేలి జాడ పట్టే పద్ధతులు

అర్థం చేసుకోవడానికి అన్నిటికన్నా తేలికైనది రెసిస్టివ్ తెర. పైన వంగే ప్లాస్టిక్ పొర, కింద గాజు ఉంటాయి. రెండిటి లోపలి ముఖాలకూ కరెంటు ప్రవహించే పారదర్శకమైన పూత పూస్తారు. అవి అంటుకోకుండా మధ్యలో కంటికి ఆననంత చిన్న చుక్కలు అడ్డుగా ఉంటాయి. నొక్కితే పై పొర వంగి కింది పొరను తాకుతుంది. కింది పొరకు ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా 5 వోల్టులు ఇచ్చారనుకుందాం. తాకిన చోట పై పొర 2 వోల్టులు చదివితే వేలు ఎడమ అంచు నుంచి 40 శాతం దూరంలో ఉన్నట్టు. మరుక్షణం పై పొరకు నిలువుగా వోల్టేజీ ఇచ్చి కింది పొరతో చదివితే రెండో కొలత వస్తుంది. ఈ తెరకు కావలసింది బలం. గోరు, కలం, చేతి తొడుగు, కృత్రిమ చెయ్యి, ఏదైనా సరే. అందుకే కర్మాగారాల్లో, వైద్య పరికరాల్లో ఇది ఇంకా కనిపిస్తుంది. కండరాల బలం తగ్గినవారికి మాత్రం ఆ కాస్త నొక్కుడే కష్టం. పైగా మామూలు రెసిస్టివ్ తెర ఒకేసారి రెండు వేళ్ళను గుర్తించలేదు.

ఇప్పటి ఫోన్లలో ఉండేది కెపాసిటివ్ తెర. గాజు అడుగున ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక పదార్థంతో అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని గీతలు వేస్తారు. అవి ఒకదాన్నొకటి దాటతాయి కానీ తాకవు. దాటే ప్రతి కూడలిలోనూ ఒక బుల్లి కెపాసిటర్ ఏర్పడుతుంది. చిప్ ఒక్కో అడ్డ గీతకూ వంతులవారీగా విద్యుత్ సంకేతం పంపి, నిలువు గీతల్లో ఎంత అందిందో కొలుస్తుంది. మన ఒంట్లో నీరూ లవణాలూ ఉన్నాయి కాబట్టి వేలు విద్యుత్ వాహకం. అది దగ్గరికి రాగానే, కాలువ నీటిలో కొంత పక్క బోదెలోకి మళ్ళినట్టు, గీతల మధ్య ఉన్న విద్యుత్ క్షేత్రంలో కొంత వేలిలోకి మళ్ళుతుంది. కూడలిలో కెపాసిటెన్స్ తగ్గుతుంది. ఆ తగ్గుదల పికోఫారడ్‌లో కొద్ది వంతు మాత్రమే. పికోఫారడ్ అంటే ఫారడ్‌లో లక్ష కోట్లవ వంతు.

గీతల మధ్య ఎడం సుమారు 4, 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అయినా తెర వేలు ఎక్కడుందో మిల్లీమీటరు లోపు తేడాతో చెప్పగలదు. వేలి కొస ఒకేసారి కొన్ని కూడళ్ళ మీద పరుచుకుంటుంది, ఏ కూడలిలో ఎంత తగ్గిందో తూచి చిప్ వాటి నడిమి బిందువును లెక్కకడుతుంది. ఇదంతా సెకనుకు 60 నుంచి 120 సార్లు, కొన్ని ఫోన్లలో అంతకన్నా ఎక్కువసార్లు జరుగుతుంది. ప్రతి కూడలినీ విడిగా కొలుస్తుంది కాబట్టి పది వేళ్ళు పెట్టినా పదింటినీ వేరువేరుగా గుర్తిస్తుంది.

ఇక్కడ ఒకటి గమనించాలి. తెర గుర్తించేది వేలిని కాదు, ఒక పరిమాణంలో ఉన్న వాహకాన్ని. ప్లాస్టిక్ కృత్రిమ చెయ్యి దానికి లేనట్టే. కాయలు కాచిన, బాగా ఎండిన వేలికొసలకు అది సరిగా పలకదు. నీటి చుక్క పడితే తికమకపడుతుంది. నాసిరకం చార్జర్ పెట్టినప్పుడు తెర దానంతటదే గెంతులు వేయడానికి కారణం ఆ చార్జర్ నుంచి వచ్చే విద్యుత్ రొద ఈ సూక్ష్మమైన కొలతను చెరిపేయడమే. ఇంకొకటి, అరచెయ్యి పొరపాటున ఆనితే పట్టించుకోకుండా ఉండేందుకు మరీ పెద్ద స్పర్శలను చిప్ వదిలేస్తుంది. వేళ్ళు లేక పిడికిలితోనో మణికట్టుతోనో తాకేవారి స్పర్శ కూడా ఆ వడపోతలో కొట్టుకుపోవచ్చు. అది దుర్మార్గంతో తీసుకున్న నిర్ణయం కాదు, పరీక్షించేటప్పుడు అలాంటి చెయ్యి అక్కడ లేకపోవడం వల్ల జరిగిన నష్టం.

పెద్ద తెరల్లో, తరగతి గదుల ఇంటరాక్టివ్ ప్యానెళ్ళలో ఎక్కువగా వాడేది ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి. చట్రం చుట్టూ కంటికి కనిపించని కాంతి కిరణాల వల ఉంటుంది, ఏ కిరణాలు తెగాయో చూసి స్థానం చెబుతుంది. చొక్కా చెయ్యి తగిలినా స్పందిస్తుంది. గాజు మీద ధ్వని తరంగాలను పంపి వేలు వాటిని ఎక్కడ పీల్చుకుందో కనిపెట్టే పద్ధతి కూడా ఉంది, వాడకం తక్కువ.

హార్డ్‌వేర్ చెప్పేది వేలు ఆనింది, కదిలింది, లేచింది అన్న మూడు సంగతులే. వాటికి అర్థం చెప్పేది సాఫ్ట్‌వేర్. కొద్దిసేపు ఆని కదలకుండా లేస్తే తట్టడం. సుమారు అర సెకను నిలిస్తే నొక్కిపట్టడం. కొన్ని మిల్లీమీటర్లు జరిగితే జరపడం. పార్కిన్సన్స్ వ్యాధి వల్లనో సెరిబ్రల్ పాల్సీ వల్లనో చెయ్యి అదిరే మనిషి ఒక అక్షరాన్ని తట్టాలనుకుంటే ఆ వేలు ఆని, జారి, మళ్ళీ ఆనుతుంది. ఫోన్ దాన్ని జరపడంగానో రెండుసార్లు తట్టడంగానో చదువుతుంది. ఆ అర సెకనూ ఆ మిల్లీమీటర్లూ ప్రకృతి నియమాలు కావు, ఎవరో రాసిన అంకెలు. మార్చుకునే వీలు ఇస్తే సమస్యలో పెద్ద భాగం తీరిపోతుంది.

చరిత్రలో ఒక మలుపు

వేలితో తాకే తెర గురించి మొదట రాసినవాడు ఇంగ్లండులోని మాల్వర్న్‌లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్. విమానాల రాకపోకల నియంత్రణ కోసం ఆయన ప్రతిపాదన 1965లో అచ్చయింది. 1970ల మొదట్లో అమెరికాలో శామ్ హర్‌స్ట్ రెసిస్టివ్ పద్ధతికి దారివేశాడు. 1972లో ఇలినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో-4 బోధన యంత్రాలకు 16 అడ్డం, 16 నిలువు గళ్ళ ఇన్‌ఫ్రారెడ్ తెరలు వచ్చాయి. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాగారంలో బెంట్ స్టంప్, ఫ్రాంక్ బెక్ కలిసి చేసిన పారదర్శకమైన కెపాసిటివ్ తెరలు అక్కడి పెద్ద కణత్వరణ యంత్రపు కంట్రోల్ గదిలోకి చేరాయి. ఒక్కో తెర మీద 16 స్థిరమైన మీటలు, ఏ మీటకు ఏ పని అన్నది కంప్యూటరు మార్చుకుంటుంది. లెక్కలేనన్ని గుబ్బలూ స్విచ్చులూ గోడల నిండా పెట్టే అవసరం అలా తప్పింది.

వైకల్యం ఈ చరిత్రలోకి తరవాత ఎప్పుడో కాదు, మధ్యలోనే ప్రవేశించింది. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో వేన్ వెస్టర్‌మన్ అనే పరిశోధక విద్యార్థికి ఎడతెగని టైపింగ్ వల్ల చేతుల నొప్పి పట్టుకుంది. కీబోర్డు మీటలను నొక్కే బలం కూడా అక్కర్లేని ఉపరితలం కావాలని ఆయన తన ఆచార్యుడు జాన్ ఎలియాస్‌తో కలిసి అనేక వేళ్ళను ఒకేసారి గుర్తించే పలకను తయారుచేశాడు. 1998లో వాళ్ళు ఫింగర్‌వర్క్స్ సంస్థ పెట్టారు. ఆ కీబోర్డులను కొన్నవారిలో చేతుల నొప్పితో బాధపడేవారు చాలామంది. 2005లో ఆపిల్ ఆ సంస్థను కొనేసింది. 2007లో ఐఫోన్ వచ్చింది. రెండు వేళ్ళతో చిటికె విప్పినట్టు బొమ్మను పెద్దది చేసే అలవాటు ఇప్పుడు ప్రపంచమంతటికీ ఉంది. దాని వెనక నొప్పితో బాధపడిన ఒక మనిషి అవసరం ఉంది. ఈ సంగతికి రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

చూపు లేని వేలు

మీటల ఫోన్‌లో 5 అంకె మీద చిన్న బొడిపె ఉండేది. అది దొరికితే మిగతా అంకెలన్నీ దొరికినట్టే. ఐఫోన్ వచ్చినప్పుడు చూపు లేనివారిలో భయం పుట్టడం సహజం. వాళ్ళు అప్పటికి వాడుతున్న ఫోన్లు మాయమై, వాటి చోట ఏ గుర్తూ లేని గాజు రాబోతోంది.

దారి ఉందని అంతకుముందే సూచనలున్నాయి. విస్కాన్సిన్‌లో గ్రెగ్ వాండర్‌హైడెన్ బృందం 1990లలోనే ప్రజలు వాడే యంత్రాల కోసం, వేలు ఎక్కడుంటే అక్కడి పేరు పలికే పద్ధతిని రూపొందించింది. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో షాన్ కేన్, జెఫ్రీ బిగమ్, జాకబ్ వాబ్రాక్ ‘స్లైడ్ రూల్’ అనే నమూనాను చూపించారు. తెరకు బొమ్మ అక్కర్లేదు, వేలు జరుపుతుంటే వరసగా పేర్లు వినిపిస్తాయి, కావలసింది వినగానే రెండో వేలితో తట్టాలి. చూపు లేనివారు దీన్ని బటన్ల పరికరం కన్నా వేగంగా వాడారు, కాకపోతే తప్పులు కొంచెం ఎక్కువ చేశారు.

గూగుల్‌లో టి.వి. రామన్ ఇంకో కోణంలో ఆలోచించారు. పుణెలో పుట్టి, బొంబాయి ఐఐటీలోనూ కార్నెల్ విశ్వవిద్యాలయంలోనూ చదివిన ఆయనకు చూపు లేదు. ఆయనా చార్లెస్ చెన్ కలిసి చేసిన డయలర్‌లో వేలు మొదట ఎక్కడ ఆనితే అదే 5. అక్కడి నుంచి పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8, ఎడమకు 4, కుడికి 6. తెర మీద అంకె ఎక్కడుందో మనిషి వెతుక్కునే బదులు అంకెలే మనిషి వేలి చుట్టూ అమరుతాయి. బొడిపె పోయిందన్న లోటుకు ఇంత అందమైన జవాబు మరొకటి లేదు.

2009లో ఐఫోన్ 3జీఎస్‌లో తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ వచ్చింది. అదే ఏడాది ఆండ్రాయిడ్‌లో అలాంటిదే టాక్‌బ్యాక్ మొదలైంది. అయితే తెర మీద వేలు జరిపి వెతికే వీలు అందులోకి 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వచ్చింది. ఇప్పుడు రెండిటి పద్ధతీ ఇంచుమించు ఒకటే. వేలు ఆనిస్తే ఆ చోట ఉన్నదాని పేరు వినిపిస్తుంది, ఏమీ తెరుచుకోదు. కావలసింది దొరికాక తెర మీద ఎక్కడైనా సరే రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. కుడికి జరిపితే తరవాతి అంశం, ఎడమకు జరిపితే వెనకటి అంశం. ఐఫోన్‌లో రెండు వేళ్ళతో గుబ్బ తిప్పినట్టు తిప్పి అక్షరం అక్షరంగా చదవాలో, శీర్షికల వెంట వెళ్ళాలో ఎంచుకోవచ్చు. తడమడానికి ఒక సైగ, నొక్కడానికి ఇంకో సైగ. బటన్ ఇచ్చిన సౌకర్యం గాజు మీదకు తిరిగి వచ్చింది. అలవాటైనవారు గొంతు వేగాన్ని బాగా పెంచుకుంటారు. పక్కవారికి అది అర్థంకాని గొణుగుడు. తెరను పూర్తిగా నల్లగా ఉంచి వాడే వీలు కూడా ఉంది, బస్సులో పక్క సీటు మనిషి తొంగిచూసినా ఏమీ కనిపించదు.

టైపు చేయడం దగ్గర మాత్రం చాలాకాలం నత్తనడక తప్పలేదు. ఒక్కో అక్షరానికీ వెతికి తట్టాలి. దీనికి జవాబు బ్రెయిలీ నుంచే వచ్చింది. 2014లో ఐఫోన్‌లో, 2020లో టాక్‌బ్యాక్‌లో తెరనే ఆరు చుక్కల బ్రెయిలీ కీబోర్డుగా వాడుకునే సదుపాయం చేరింది. ఫోన్‌ను అడ్డంగా తిప్పి, తెర అవతలి వైపుకు ఉండేట్టు పట్టుకుని, ఒక్కో చేతి మూడు వేళ్ళతో ఒకేసారి తాకుతారు. ఇక్కడ వెతకడమే లేదు, వేళ్ళు ఎక్కడ ఆనితే అక్కడే చుక్కలు కుదురుకుంటాయి. ఒకేసారి అనేక వేళ్ళను గుర్తించే కెపాసిటివ్ తెర లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.

స్క్రీన్ రీడర్ ఎంత మంచిదైనా యాప్ తయారుచేసినవారు సహకరించకపోతే చేసేది లేదు. బొమ్మ రూపంలో ఉన్న బటన్‌కు పేరు రాయకపోతే ‘బటన్, లేబుల్ లేదు’ అని మాత్రమే వినిపిస్తుంది. డబ్బు పంపే బటన్‌కూ రద్దుచేసే బటన్‌కూ తేడా తెలియదు. పేరు రాయడానికి పట్టేది నిమిషం. బ్యాంకు యాప్‌ల దగ్గర ఇంకో పేచీ ఉంది. టాక్‌బ్యాక్ వంటివాటికి ఇచ్చే అనుమతిని మోసపు యాప్‌లు కూడా వాడుకుని తెరను చదివేస్తున్నాయి. ఆ భయంతో కొన్ని ఆర్థిక యాప్‌లు ఆ అనుమతి ఉన్న సేవ ఏది నడుస్తున్నా తెరుచుకోవడం మానేశాయి. దొంగను ఆపడానికి తలుపే మూసేస్తే ఇంటి మనిషి బయట నిలబడాలి. నమ్మదగిన స్క్రీన్ రీడర్‌ను గుర్తుపట్టి లోపలికి రానివ్వడం సాంకేతికంగా సాధ్యమే.

వణికే చెయ్యి, కదలని చెయ్యి

వణుకు ఉన్నవారికి మొదటి ఊరట పెద్ద బటన్. ఆపిల్ మార్గదర్శకాలు 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48 యూనిట్లు అంటాయి. ఆండ్రాయిడ్ కొలత తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు, వేలి కొస ఆనే వైశాల్యానికి దగ్గర. వెబ్ పేజీలకు అంతర్జాతీయంగా అనుసరించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల 2.2 కూర్పు 2023 అక్టోబరులో వచ్చింది. అందులో మధ్యస్థాయికి కనీసం 24 పిక్సెళ్ళు, పై స్థాయికి 44 పిక్సెళ్ళు.

అదే ప్రమాణాల్లో 2018 నుంచే ఉన్న ఇంకో నియమం నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది. వేలు ఆనగానే పని జరగకూడదు, వేలు లేచాకే జరగాలి, లేదా చేసినదాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి. తప్పు చోట పడిన వేలిని బటన్ బయటికి జార్చి ఎత్తేస్తే ఏమీ జరగదు. చాలామంది ఇది తెలియకుండానే రోజూ వాడుకుంటారు. చెయ్యి మీద పట్టు లేనివారికి ఇది ప్రాణం. వేలితో లాగి చేసే పనులన్నిటికీ తట్టి చేసే ప్రత్యామ్నాయం ఉండాలన్నది 2.2లో చేరింది.

ఫోన్ల సెట్టింగుల్లో ఇంకా చాలా ఉన్నాయి. వేలు నిర్ణీత సమయం ఆనితేనే స్పర్శగా లెక్కించడం, వెంటవెంటనే పడే తట్లను ఒకటిగా తీసుకోవడం ఐఫోన్‌లో 2015 నుంచి ఉన్నాయి. రెండు మూడు వేళ్ళ సైగలు చేయలేనివారికి వాటిని ఒక తట్టుతో చేసిపెట్టే మెనూ 2011లో వచ్చింది. అసలు తెరను తాకలేనివారికి స్విచ్ పద్ధతి ఉంది. తెర మీద ఉన్న అంశాలు ఒకదాని తరవాత ఒకటి వాటంతటవే వెలుగుతుంటాయి, కావలసింది వెలిగినప్పుడు స్విచ్ నొక్కాలి. ఆ స్విచ్ మోచేతి కింద ఉండవచ్చు, తల పక్కన ఉండవచ్చు, గొట్టంలోకి ఊదితే పనిచేసేది కావచ్చు. వెతికే పని యంత్రానిది, నొక్కే నిర్ణయం మాత్రమే మనిషిది. నెమ్మదిగా సాగుతుంది, కానీ ఒక్క కండరం స్వాధీనంలో ఉంటే చాలు, ఉత్తరం రాయవచ్చు. 2021లో ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందు కెమెరా ద్వారా నవ్వు, కనుబొమ్మ ఎత్తడం వంటి కవళికలే స్విచ్చులయ్యాయి. 2024లో ఐఫోన్ చూపును బట్టి గురిపెట్టే సదుపాయం తెచ్చింది. గొంతుతో నడిపే పద్ధతి రెండిటిలోనూ ఉంది. తెర మీద ప్రతి బటన్‌కూ ఒక అంకె కనిపిస్తుంది, ఆ అంకె పలికితే చాలు.

గాజు మేలు చేసిన చోట్లు

టచ్ స్క్రీన్‌ను అడ్డంకిగా మాత్రమే చూస్తే అన్యాయం. మాట రాని పిల్లలు బొమ్మలను తాకితే పరికరం వారి తరఫున మాట్లాడే యంత్రాలు అంతకుముందూ ఉండేవి. విడిగా తయారయ్యేవి కాబట్టి వాటి ధర మధ్యతరగతికి అందేది కాదు. ఐప్యాడ్, ఆండ్రాయిడ్ ట్యాబులు వచ్చాక అది ఒక యాప్ అయిపోయింది. చెన్నైలో తయారైన ఆవాజ్ అలాంటిదే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ‘ఆకలి’, ‘వద్దు’, ‘అమ్మ’ అన్న బొమ్మలను వరసగా తాకి వాక్యం చేస్తారు. మౌస్‌ను ఇక్కడ కదిపితే బాణం అక్కడ కదులుతుందన్న సంబంధం అర్థం చేసుకోవడం కొందరికి కష్టం. బొమ్మనే తాకడం వారికి సులువు. వినికిడి లేనివారికి వీడియో కాల్‌లో సైగల భాష, మాటలను అప్పటికప్పుడు అక్షరాలుగా చూపించే యాప్‌లు, మోగే బదులు మెరిసే ఫ్లాష్ అన్నీ ఒకే పరికరంలో అందాయి. రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరి 1న విడుదల చేసిన మణి యాప్ కెమెరా ముందు పెట్టిన నోటు ఎంతటిదో పలికి చెబుతుంది.

నలుగురూ వాడే యంత్రాలు

సొంత ఫోన్‌ను ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. స్టేషన్‌లోనో బ్యాంకులోనో ఉన్న యంత్రాన్ని మార్చుకోలేరు. అందుకే అసలు పోరాటాలు ఇక్కడే జరిగాయి.

రిజర్వ్ బ్యాంక్ 2009లో కొత్త ఏటీఎంలలో కనీసం మూడో వంతు మాట్లాడేవీ బ్రెయిలీ కీప్యాడ్ ఉన్నవీ కావాలంది. 2014 జులై నుంచి పెట్టే కొత్త ఏటీఎంలన్నీ అలాగే ఉండాలని ఆదేశించింది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే గొంతు దారిచూపుతుంది, పిన్ అంకెలు వేళ్ళకు తెలుస్తాయి. గాజు మాత్రమే ఉంటే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపించింది. అక్కడి కామన్‌వెల్త్ బ్యాంక్ దుకాణాలకు ఇచ్చిన ‘ఆల్బర్ట్’ అనే కార్డు యంత్రంలో పిన్ కూడా తెర మీదే కొట్టవలసి ఉండేది. చూపు లేనివారు పిన్ పక్కవారికి చెప్పవలసి వస్తోందని ఆ దేశ వైకల్య వివక్ష కమిషనర్‌గా పనిచేసిన గ్రేమ్ ఇన్నిస్, మరొకరితో కలిసి 2018లో కోర్టుకెక్కారు. తరవాతి ఏడాది రాజీ కుదిరింది. పిన్ చెప్పుకోవడమంటే ఖాతా తాళంచెవి ఇచ్చేయడమే, దాన్ని చిన్న అసౌకర్యంగా కొట్టిపారేయడం కుదరదు.

మన ఎన్నికల యంత్రం ఇందుకు పూర్తి భిన్నం. అందులో గాజు తెర లేదు, గట్టి బటన్లున్నాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు పెట్టి ప్రయత్నించారు. 2009 సార్వత్రిక ఎన్నికల నాటికి దేశమంతటా అమలుచేశారు. అతి సాదా యంత్రం ఒంటరిగా, రహస్యంగా ఓటు వేసే హక్కును నిలబెట్టింది.

ఎత్తు కూడా ఒక ప్రశ్నే. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి అందాలంటే తాకవలసిన భాగం నేల నుంచి సుమారు 120 సెంటీమీటర్లు దాటకూడదని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. పెద్ద తెరలో ‘ముందుకు’ అన్న బటన్‌ను పై మూలన పెడితే తెర ఎంత ఆధునికమైనా వారికి అందదు. ఇళ్ళలోని ఇండక్షన్ పొయ్యి, వాషింగ్ మెషీన్ల నున్నటి పలకలకు ఇలాంటి నియమాలు పెద్దగా లేవు. చూపు లేనివారు వాటి మీద ఉబ్బెత్తు స్టిక్కర్లు అంటించుకుని గుర్తుపెట్టుకుంటున్నారు. అయితే స్టిక్కర్ కోసం తడిమినప్పుడే పొయ్యి వేడి మారిపోతుంది. వెతకడం, నొక్కడం కలిసిపోయిన చోట వంటింట్లో అది ప్రమాదం.

వేలికి గరుకుదనం తగిలేట్టు చేసే తెరల మీద పరిశోధన సాగుతోంది. విద్యుత్ ఆవేశంతో వేలికీ గాజుకూ మధ్య రాపిడిని మార్చవచ్చని 1953లోనే మాలింక్‌రాట్ గమనించాడు. 2010లో డిస్నీ పరిశోధకులు ‘టెస్లాటచ్’ పేరుతో దాన్ని తెర మీదకు తెచ్చారు. వేలు కదిలినప్పుడే ఆ గరుకు తెలుస్తుంది, ఆగితే మాయమవుతుంది. బటన్ అంచును నిలిచి తడమాలనుకునేవారికి ఇది ఇంకా సరిపోదు. ప్రస్తుతానికి గాజు పక్కన నాలుగు గట్టి మీటలు, ఒక ఇయర్‌ఫోన్ రంధ్రం పెట్టడమే నమ్మకమైన మార్గం.

చట్టం, తెలుగు తెర

2016 వికలాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికతను కూడా అందుబాటు పరిధిలోకి తెచ్చింది. ఆ రంగానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 17802 రెండు భాగాలుగా 2021, 2022లో వచ్చింది. ప్రమాణాలను మార్గదర్శకాలుగా ఉంచితే చాలదని, కొన్నిటిని తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో దేశంలో అందుబాటు ఎలా ఉందో నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు వచ్చింది. యాసిడ్ దాడికి గురై కళ్ళు ఆర్పలేనివారూ, చూపు లేనివారూ ఫోన్‌లో కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు ధ్రువీకరణ, పూర్తిచేయలేకపోతున్నారన్నది ఫిర్యాదు. కళ్ళు ఆర్పితేనే మనిషి బతికున్నట్టు నమ్మే యాప్ వారిని మనుషులుగా గుర్తించలేదు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు ప్రకటించి, 20 ఆదేశాలు ఇచ్చింది.

తెలుగువారి దగ్గర ఇంకో అడుగు మిగిలి ఉంది. టాక్‌బ్యాక్‌కు తెలుగు గొంతు ఉంది, ఈస్పీక్ వంటి ఉచిత గొంతులూ తెలుగు చదువుతాయి. చదవడానికి వాటికి యూనికోడ్ అక్షరాలు కావాలి. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్ కంటికి చక్కటి తెలుగు, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల కలగూరగంప. స్క్రీన్ రీడర్ దాన్ని అర్థంలేని చప్పుళ్ళుగా చదువుతుంది. సంతకం చేసి స్కాన్ చేసిన ఉత్తర్వు అయితే అది ఒక ఫొటో, అందులో చదవడానికేమీ దొరకదు. పింఛను జాబితా, పరీక్ష ప్రకటన, పాఠ్యపుస్తకం ఏదైనా సరే, యూనికోడ్‌లో కూర్చిన మూల ప్రతిని పక్కన ఉంచితే ఆ రోజు నుంచే వినిపిస్తుంది. తెలుగులో నడిచే యాప్‌లలో పైకి కనిపించే మాటలు తెలుగులో ఉండి, బటన్ల వెనక పేర్లు ఇంగ్లీషులో మిగిలిపోవడం తరచుగా జరుగుతుంది. అప్పుడు తెలుగు గొంతు ఇంగ్లీషును నమిలి నమిలి పలుకుతుంది. అనువాదం చేసేవారు ఆ కనిపించని పేర్లను కూడా జాబితాలో చేర్చుకోవాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా శబ్దం పెంచే, తగ్గించే మీటలు రెండిటినీ కలిపి కొన్ని సెకన్లు నొక్కిపడితే టాక్‌బ్యాక్ మొదలవుతుంది, మళ్ళీ అలాగే చేస్తే ఆగుతుంది. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్‌ను సెట్టింగుల్లో ఒకసారి ఎంచుకున్నాక పక్క మీటను మూడుసార్లు నొక్కాలి. యాప్ తయారుచేసేవారు విడుదలకు ముందు ఈ స్క్రీన్ రీడర్‌ను మొదలుపెట్టి, కళ్ళు మూసుకుని తమ యాప్‌లో ఒక్క బిల్లు కట్టి చూస్తే పేరు లేని బటన్లన్నీ ఆ పూటే బయటపడతాయి.